ఇంటి గొడవలు తీర్చిన ప్లగ్ మీటరు

ఏడాదిన్నర కిందట కొన్నాను. అరచేతిలో పట్టే తెల్లటి డబ్బా. ఒక పక్క గోడ సాకెట్‌లో గుచ్చే పిన్నులు, రెండో పక్క మన వస్తువు ప్లగ్ పెట్టుకునే రంధ్రాలు, మధ్యలో చిన్న తెర. దానికి తగిలించిన వస్తువు ఇప్పుడు ఎన్ని వాట్లు లాగుతోంది, పెట్టినప్పటి నుంచి ఎన్ని యూనిట్లు తిన్నది, ఎన్ని గంటలైంది, ఇవి చూపిస్తుంది. అంతకు మించి ఏ విద్యా రాదు. యాప్ లేదు, ఫోనుకి కలవదు, మాట్లాడదు. అందుకే నచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే అచ్చులో పోసిన ఇలాంటివి పది పేర్లతో దొరుకుతున్నాయి. పైగా నా దాంట్లో తిట్టుకోవాల్సినవి చాలానే ఉన్నాయి.

నేను ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఎక్కడైనా చిన్న తేడా వస్తే నిద్ర పట్టని రకం. ఇంట్లోనూ అదే బుద్ధి. మనిషి లేని గదిలో లైటు వెలుగుతుంటే ఒళ్లు మండేది. ఫోన్ తీసుకుని చార్జర్‌ని సాకెట్‌లోనే వదిలేసే మా అమ్మాయితో రోజూ యుద్ధమే. ఇంట్లో నా పేరు స్విచ్చుల పోలీసు. ఒకరోజు ఆ పిల్లే అడిగింది. "అమ్మా, భూమి వేడెక్కిపోతోందని నా చార్జర్ మీద పడతావు. అది ఎంత తింటుందో ఎప్పుడైనా లెక్కేశావా?" లెక్కలు రాసేదాన్ని పట్టుకుని లెక్కేశావా అంటే ఊరుకుంటానా? మర్నాడే ఆర్డర్ పెట్టాను.

తొలి పరీక్ష ఆ చార్జర్‌కే. తెర మీద సున్నా. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ సున్నా. ఈ మీటర్లతో మొదటి చిక్కు ఇదే. రెండు వాట్ల లోపు ఉన్నదేదీ నా మీటరుకి కనబడదు. అలాగని ఊరుకోలేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి, దానికి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి తగిలించి, అంకె రాసుకుని, తర్వాత ఇంట్లో ఉన్న ఐదు చార్జర్లూ ఒకేసారి పెట్టాను. 9.1 కాస్తా 9.5 అయింది. అంటే ఒక్కో చార్జర్ ఊరికే ఉన్నప్పుడు వాటులో పదో వంతు కూడా తినడం లేదు. వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కాబట్టి, ఒక వాటు ఏడాదంతా ఆగకుండా నడిస్తే 8.76 యూనిట్లు. ఆ లెక్కన ఐదు చార్జర్లూ కలిసి ఏడాదికి మూడున్నర యూనిట్లు. ఇన్నేళ్ల అరుపులకి ఫలితం ఇది. మా అమ్మాయి నా చేత నోట్‌బుక్‌లో క్షమాపణ రాయించుకుంది, తేదీతో సహా.

మరి ఈ డబ్బా చెప్పేది నిజమేనా? అది తేల్చుకోడానికి ఎలక్ట్రిక్ కెటిల్ పనికొచ్చింది. లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.16 వాట్-గంటలు కావాలి. ఇది ఎవరి కెటిల్‌కీ మారదు. 25 డిగ్రీల నీళ్లని మరిగించాలంటే 75 డిగ్రీలు ఎక్కించాలి, అంటే 87 వాట్-గంటలు. కెటిల్ ఒళ్లు వేడెక్కడానికి, ఆవిరికి ఇంకొంచెం. మీటరు 0.10 యూనిట్ చూపించింది. లెక్క సరిపోయింది. మీరు కొంటే మొదట ఈ పరీక్షే పెట్టండి. 0.08 కంటే తక్కువ చూపిస్తే వెనక్కి పంపేయొచ్చు. ప్రకృతిలో అంత చవగ్గా మరిగే నీళ్లు లేవు.

అదే కెటిల్ నన్ను కూడా పట్టించింది. నాకు కావలసింది రెండు కప్పులు, నాలుగు వందల మిల్లీలీటర్లు. నింపేది లీటరున్నర. ఎందుకంటే కుళాయి తిప్పి వేరే పనిలో పడతాను. రోజుకి మూడుసార్లు, ప్రతిసారీ లీటరుకి పైన ఊరికే కాచి పారబోస్తున్నాను. కూడితే ఏడాదికి 120 యూనిట్లు దాటింది. మా అమ్మాయి ఐదు చార్జర్లని ముప్ఫై ఏళ్లకు పైగా సాకెట్లలో వదిలేస్తే అయ్యే ఖర్చు, నేను ఒక్క ఏడాదిలో మరిగించాను. ఈ లెక్క నోట్‌బుక్‌లో రాశాను గానీ గట్టిగా చదవలేదు.

తర్వాత టీవీ బల్ల దగ్గర కూర్చున్నాను. టీవీ ఆపేస్తే సున్నా. కింద ఉన్న పాత సెట్ టాప్ బాక్స్ మాత్రం వెలుగుతున్నప్పుడు 14 వాట్లు, రిమోట్‌తో ఆపేశాక 13 వాట్లు. ఆపడమంటే దానికి ఎర్ర లైటు పెట్టుకోవడం, అంతే. ఊరికే ఉన్న వస్తువు ఒక వాటు దాటకూడదన్న ఆలోచనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ముందుకు తెచ్చింది. ఐరోపాలో చాలా గృహోపకరణాలకి 2010లో ఒక వాటు, 2013లో అర వాటు హద్దు పెట్టారు. నెట్‌వర్క్‌కి కలిసి ఉండే పెట్టెలకి లెక్క వేరే. మాది ఇవేవీ ఎరగని తరానిది. ఏడాదికి 114 యూనిట్లు. ఇప్పుడు దానికి గోడ దగ్గర స్విచ్ ఆపేస్తాం. మళ్లీ వేసినప్పుడు లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలూ మా ఆయన నా వైపు చూస్తూ కూర్చుంటారు.

ఇక్కడొక హెచ్చరిక. మీటరు మీద వాట్లు కాక వీఏ అని ఇంకో అంకె కూడా వస్తుంది. మొదటి వారం నేను దాన్నే చూసి మోసపోయాను. మా 9 వాట్ల బల్బుకి అది 16 చూపిస్తుంది. కంపెనీవాళ్లు అబద్ధమాడారని మా ఆయన దగ్గర ఆవేశపడ్డాను కూడా. కొన్ని వస్తువులు తీగల్లోంచి లాగే కరెంటుకీ, నిజంగా ఖర్చుపెట్టేదానికీ తేడా ఉంటుంది. వీఏ మొదటిది, వాటు రెండోది. ఇళ్ల మీటర్లు మామూలుగా లెక్కేసేది రెండోదాన్నే. కూడా వచ్చిన కాగితంలో ఈ ముక్క ఎక్కడా లేదు. ఉన్నా చదవలేం, చీమలు పాకినట్టున్న అక్షరాలు.

ఫ్రిజ్ సంగతికి వస్తే ఓపిక కావాలి. దాని కంప్రెసర్ కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. ఏదో ఒక క్షణంలో చూస్తే 110 వాట్లో, రెండు వాట్లో కనబడుతుంది. రెండూ పనికిరావు. కనీసం ఒక రోజంతా, వీలైతే వారం ఉంచి, మొత్తం యూనిట్లని రోజులతో భాగించాలి. నేను మూడు వారాలు పెడదామనుకున్నాను. పందొమ్మిదో రోజు కరెంటు పోయింది. వచ్చాక చూస్తే తెర మీద సున్నా. కరెంటు లేనప్పుడు లెక్క గుర్తుంచుకోడానికి లోపల గుండీ బ్యాటరీలు ఉంటాయి, కొన్న రెండు నెలలకే అవి అయిపోయాయి. అయిపోతున్నాయన్న సూచన ఏదీ లేదు. పందొమ్మిది రోజుల లెక్క గాలికి పోయింది. ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే ఆ రోజే తేల్చేసేదాన్ని. అప్పటి నుంచి రోజూ రాత్రి అంకె చూసి పుస్తకంలో రాసుకునేదాన్ని.

ఆ రాసుకోవడం కూడా సుఖంగా లేదు. తెరకి వెలుగు లేదు. సాకెట్లేమో ఫ్రిజ్ వెనకా బల్ల కిందా ఉంటాయి. టార్చి పట్టుకుని, నేల మీద చెంప ఆనించి, తలకిందులుగా ఉన్న అంకె చదవాలి. డబ్బా వెడల్పు వల్ల పక్క సాకెట్ మూసుకుపోతుంది. బరువుకి పిన్నులు వదులై కొంచెం కిందికి వాలుతుంది. తయారు చేసినవాళ్లలో ఒక్కరైనా దీన్ని తమ ఇంట్లో ఒక్కరోజు పెట్టి చూశారా అని నా అనుమానం. తెర విడిగా తీగతో వచ్చే రకం దొరికితే అదే తీసుకోండి.

సరే, ఫ్రిజ్. రోజుకి 1.9 యూనిట్లు వచ్చింది. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగితే, కింది మూలలో కాగితం జారిపోయి వచ్చేసింది. అక్కడ రబ్బరు పట్టడం లేదన్నమాట. గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, మెత్తబరిచి, సరిచేస్తే కొంత కుదిరింది. వెనక తీగచుట్టల మీద దుప్పటిలా పేరుకున్న దుమ్ము దులిపాను. గోడకి అంటుకుని ఉన్నదాన్ని బెత్తెడు ముందుకి జరిపాను. 1.4కి దిగింది. అయిన ఖర్చు ఒక పాత బ్రష్షు.

మా అత్తయ్యది ఇంకో నమ్మకం. రాత్రి పడుకునే ముందు ఫ్రిజ్ ఆపేసి తెల్లవారి వేస్తే చాలా మిగులుతుందని. నేను కాదంటాను, ఆవిడ అవునంటారు. పదేళ్ల వాదన. సరే అత్తయ్యా, చూద్దాం అని ఒక వారం ఆవిడ పద్ధతిలో, ఒక వారం నా పద్ధతిలో నడిపాం. నాది 1.42, ఆవిడది 1.36. రాత్రి లోపలికి చేరిన వేడినంతా పొద్దున్న కంప్రెసర్ పరిగెత్తి బయటికి తోడాలి కదా, మిగిలింది అంతే. ఆ కాస్త కోసం లోపలి తినే వస్తువులు రోజూ వెచ్చబడటం మంచిది కాదు. "తగ్గింది కదా అమ్మాయ్, నేను చెప్పలా?" అన్నారు ఆవిడ. నిజమే, తగ్గింది. దీనికి నేనేం చెప్పను? ఇప్పుడు ఆపడం మానేశారు గానీ వాదనలో గెలిచింది తనేనని ఆవిడ లెక్క.

మా అసలు దొంగ మాత్రం సామాన్ల గదిలో దొరికింది. కొత్త ఫ్రిజ్ వచ్చినప్పుడు పాతది పారేయలేక అక్కడ పెట్టి, పండగలకీ పబ్బాలకీ పనికొస్తుందని నడుపుతూ వచ్చాం. పద్దెనిమిదేళ్లది. లోపల నాలుగు నీళ్ల సీసాలు. రోజుకి 2.3 యూనిట్లు. ఏడాదికి 840. ఇంట్లో అందరి మీదా అరిచినవన్నీ కలిపినా దీని ముందు ఆవగింజ. అదే రోజు ఆపేశాం.

కానీ ఆపాక ఏం చేయాలన్నది మీటరు చెప్పలేదు. వెనకున్న రేకు చెప్పింది. అందులో శీతలీకరణ వాయువు ఆర్-134ఎ, 150 గ్రాములు అని ఉంది. వందేళ్ల లెక్కలో ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1400 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. పాత ఇనుము కొనేవాడు రాగి గొట్టం కోసం దాన్ని కత్తిరిస్తే, ఆ చిటికెడు వాయువే 210 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని. ఆ ఫ్రిజ్ బొగ్గు కరెంటుతో మూడు నెలలకు పైగా నడిచినదానికి సమానం. అందుకే వాయువుని యంత్రంతో లాగి పట్టుకునే చోటు వెతికి అప్పగించాం, కాస్త తిరగాల్సి వచ్చింది. ఇప్పుడొస్తున్న చాలా ఇంటి ఫ్రిజ్‌లలో ఆర్-600ఎ అనే వాయువు వాడుతున్నారు, దాని ప్రభావం ఏమంత లెక్కలోది కాదు. కొత్తది కొనేటప్పుడు స్టార్ రేటింగ్ స్టిక్కర్‌తో పాటు ఈ రేకూ చూడండి.

వేడినీళ్ల దగ్గర ఈ మీటరు నన్ను భయపెట్టింది. బాత్రూంలో 15 లీటర్ల గీజర్, 2000 వాట్లది. మీటరు మీద 16 ఆంపియర్లు అని రాసుంది కదా అని ధైర్యంగా తగిలించాను. పది నిమిషాలకి కాలిన ప్లాస్టిక్ వాసన. ఆపి ముట్టుకుంటే పిన్నులు చేతికి అంటుకునేంత వేడి. వదులుగా కూర్చునే పిన్నుల గుండా అంత కరెంటు పోతే అలాగే అవుతుంది. ఎక్కువసేపు నడిచే వేడి వస్తువులకి, గీజర్, హీటర్, ఏసీలకి దీన్ని తగిలించకండి. డబ్బా మీద ఏం రాసున్నా సరే.

గీజర్ లెక్కకి ఇంకో దారి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. ఇంటి పెద్ద మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చుక్క చూశారా? ఎన్ని మిణుకులు ఒక యూనిటో పక్కనే రాసి ఉంటుంది. మాది వెయ్యి. ఇంట్లో అన్నీ ఆపేసి, గీజర్ ఒక్కటి వేసి, నిమిషం పాటు లెక్కపెట్టాను. 33 మిణుకులు. గంటకి 1980, అంటే 1980 వాట్లు. నేను మీటరు దగ్గర నిలబడి పైకి లెక్కపెడుతుంటే మా అమ్మాయి కావాలని మధ్యలో వేరే అంకెలు చెప్తూ వచ్చింది, అందుకని రెండుసార్లు చేయాల్సి వచ్చింది. ఈ ఒక్క చిట్కాతో పంపులు, ఏసీలు అన్నీ కొలవొచ్చు. అసలు మీరు ప్లగ్ మీటరు కొనక్కర్లేదేమో కూడా.

15 లీటర్ల నీళ్లని 30 డిగ్రీలు వేడి చేస్తే అర యూనిట్ పైనే. ఒక మనిషి స్నానం. అంతే కరెంటుతో 9 వాట్ల బల్బు 58 గంటలు వెలుగుతుంది. నేను లైటు ఆర్పమని కేక వేసింది బాత్రూంలోంచి, వేడినీళ్లు పోసుకుంటూ. వేడి చేయడం అనే పని ఎంత బరువైనదో చేతికి తెలియదు, మీటరుకి తెలుస్తుంది. మేడ మీది ట్యాంకులోకి, పది మీటర్ల ఎత్తుకి, వెయ్యి లీటర్లు ఎక్కించడానికి మా చిన్న మోటారు తిన్నది 0.15 యూనిట్. సిద్ధాంతం ప్రకారం 0.03 లోపే చాలు, మిగిలింది మోటారు దుబారా. ఆ దుబారాతో సహా చూసినా, 15 లీటర్లు కాచడానికి అయ్యేది వెయ్యి లీటర్లు ఎత్తడానికి అయ్యేదానికి మూడు రెట్లు దాటింది. వాషింగ్ మెషీన్ కూడా ఇదే పాట. 40 డిగ్రీల ఉతుకు 0.75 యూనిట్, చన్నీళ్ల ఉతుకు 0.14. బట్టల్లో తేడా నాకు కనబడలేదు, అత్తయ్యకి కనబడిందట.

గీజర్‌ని 75 డిగ్రీల నుంచి 60కి దించాం. అంతకంటే దించలేదు. నిల్వ ఉండే వెచ్చటి నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ట్యాంకులో 60 ఉంచమని చెప్తారు. గీజర్ నుంచి కుళాయి దాకా ఉన్న గొట్టానికి నురుగు తొడుగు వేశాం. స్నానానికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు వేస్తే సరిపోతుందని తెలిసింది, ఇదివరకు లేవగానే వేసేవాళ్లం.

తోటలో మీటరుకి పెద్దగా పని ఉండదనుకున్నాను. మా ఆయన తోట మధ్యలో చిన్న ఫౌంటెన్ పెట్టించారు. చేపలు లేవు, పిట్టలు వచ్చి తడుస్తాయి, ఆయన వాటిని చూస్తూ కూర్చుంటారు. ఇంతే మోటారు కదా అనుకున్నాం. 38 వాట్లు. చిన్నదే, కానీ పగలూ రాత్రీ ఆగదు. రోజుకి 0.91, ఏడాదికి 333 యూనిట్లు. "పిట్టలు రాత్రిపూట రావండీ" అన్నాను. ఆయన ఒకరోజంతా మాట్లాడలేదు. తర్వాత తనే వెళ్లి టైమర్ కొనుక్కొచ్చి పొద్దున్న గంట, సాయంత్రం గంట పెట్టారు. ఏడాదికి 28 యూనిట్లు. పిట్టలకి కూడా వేళలు అలవాటయ్యాయని ఆయన అంటారు. నీళ్లు నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి కాబట్టి వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి నింపుతున్నాం.

గడ్డి కోయడానికి ఇదివరకు పెట్రోల్ యంత్రం ఉండేది. ఒక కోతకి అర లీటరు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే కోతకి కిలోకి పైన. అది పాడయ్యాక పక్కింటివాళ్ల బ్యాటరీ యంత్రం అరువు తెచ్చుకుంటున్నాం, చార్జింగ్ మాత్రం మా ఇంట్లో పెట్టి ఇస్తాం. ఒకసారికి 0.17 యూనిట్. కరెంటంతా బొగ్గుదే అనుకున్నా 140 గ్రాములు. ఒక వీధికి ఒక యంత్రం చాలదా అని నాకనిపిస్తుంది, వారానికి గంట కూడా పని లేని దానికి.

బొగ్గు అన్నాను కాబట్టి, ఈ మీటరులో సీఓ2 అని ఒక బొత్తాం ఉంది. నొక్కితే ఇన్ని కిలోలు అని చూపిస్తుంది. అది అలంకారం. లోపల ఎవరో పెట్టిన ఒకే అంకెతో గుణించి చెప్తుంది. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నివేదికలో, విద్యుత్ కేంద్రం పుట్టుక నుంచి చావు దాకా అన్నీ కలిపి, ఒక యూనిట్‌కి మధ్యస్థంగా బొగ్గుకి 820 గ్రాములు, సహజవాయువుకి 490, ఇంటి కప్పు మీది సోలార్‌కి 41, జలవిద్యుత్తుకి 24, నేల మీది గాలిమరలకి 11 అని ఇచ్చారు. మీ తీగల్లో వచ్చేది వీటిలో ఏ కలగలుపో, అది పగలు ఒకలా రాత్రి ఒకలా ఎలా మారుతుందో ఈ డబ్బాకి తెలియదు. పెట్టిన అంకె మార్చుకునే వీలు ఉంది గానీ బ్యాటరీ పోతే అదీ పోతుంది. నేను ఆ బొత్తాం నొక్కడం మానేశాను.

దీనికి కనబడనివి ఇంకా ఉన్నాయి. పడమటి గోడ మీదికి తీగ పాకించాం. లీటరు నీళ్లు ఆవిరవుతూ దాదాపు 0.68 యూనిట్ వేడిని పట్టుకుపోతాయి. ఆకులు రోజంతా చేసే పని అదే, నీడ అదనం. ఆ చల్లదనమంతా గదికే దక్కదు, చాలావరకు గాలిలో కలిసిపోతుంది. అయినా సాయంత్రం ఆ గోడ మీద చెయ్యి వేస్తే ముందు కాలేది, ఇప్పుడు కాలదు. ఏసీ వేసే వేళ గంటో గంటన్నరో ఆలస్యమైంది. ఈ తీగకి ప్లగ్ లేదు, ఏం చేస్తాం.

కంపోస్టు తొట్టికీ లేదు. తడి చెత్త గాలి ఆడకుండా ముద్దగా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్ల ప్రభావం. మొదట్లో మా తొట్టి మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది. మీథేన్‌కి వాసన లేదు, కానీ ఆ కంపు కొడుతోందంటే లోపల గాలి లేదని అర్థం, మీథేన్ కూడా అక్కడే పుడుతుంది. ఒక బకెట్ వంటింటి చెత్తకి రెండు మూడు బకెట్ల ఎండుటాకులు వేసి, వారానికోసారి తిరగేస్తే కంపు పోయింది, మధ్యలో చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టింది. ఎండుటాకులు కుప్పపోసి కాల్చే అలవాటు అలా పోయింది, ఇప్పుడు పక్కింటి ఆకులు కూడా అడుక్కుంటున్నాను. కుండీల మట్టికి పీట్ (బురదనేలల్లో పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల పదార్థం) కొనడమూ మానేశాం. నేల మీద మూడు శాతం చోటులో ఉన్న పీట్ బురదనేలల్లో ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో కంటే ఎక్కువ కార్బన్ దాగి ఉంది. దాన్ని తవ్వి కుండీలో పోయడమేమిటి? కోకోపీట్ వేరు, పేరులోనే పీట్, అది కొబ్బరి పీచు పొట్టు.

ఇంతకీ కొనాలా వద్దా? ఇంట్లో ఎప్పుడు కొన్నదో గుర్తులేని ఫ్రిజ్, రాత్రింబవళ్లు నడిచే మోటారు, పెట్టెలు, కంప్యూటర్లు ఉంటే కొనండి. లేదా, ఇది నా అసలు సలహా, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఒక్కో వస్తువు దగ్గర దీని పని వారమే. కొన్ని నెలల్లో నా ఇల్లంతా అయిపోయింది, ఆ తర్వాత ఎక్కువ కాలం సొరుగులోనే ఉంది. వారంటీ కంటే గుండీ బ్యాటరీ కొత్తది వేసి మొదలుపెట్టడం ముఖ్యం. ఐదుకి మూడున్నర ఇస్తాను. కోసిన ఒకటిన్నరలో ఒకటి ఆ వేడెక్కిన పిన్నులకి, అర తెరకి. పందొమ్మిది రోజుల లెక్కకి ఇంకా కోయాలి గానీ, వదిలేస్తున్నాను.

ఇప్పుడది పక్కింట్లో ఉంది. పది రోజులకని తీసుకెళ్లారు, నెల దాటింది. వాళ్ల అబ్బాయి ఆటల కంప్యూటర్ దగ్గర ఆగిందట. ఏమైందని అడిగితే, ఇంకా ఎవరూ ఎవరితో మాట్లాడుకోవడం లేదు, తర్వాత ఇస్తాం అన్నారు.